పూజారికి జీవనమెట్లు? దక్షిణ, మేర, మాన్యము, జీతము

నేటాలులోని తెలుగువారి ఇంట పెండ్లి ముగియగానే ఒక చిన్న దృశ్యము కనబడును. ఇంటి పెద్ద రెండు తమలపాకులు, వక్క, అరటిపండు, వాటిపై కొంత రొక్కము ఉంచి, రెండు చేతులతో పురోహితునికి అందించి నమస్కరించును. పురోహితుడు లెక్కించక, చూడనైనను చూడక, కండ్ల కద్దుకొని సంచిలో వేసికొనును. బేరము లేదు, రసీదు లేదు. ఇది చూచిన పిల్లలు ఒక ప్రశ్న వేయుదురు: ఇది కూలియా, దానమా, బిచ్చమా? ప్రశ్న చిన్నది, ప్రత్యుత్తరము చిన్నది కాదు. పూజారి ఎట్లు బ్రతికెను, సంఘము వానిని ఏ పీటపై కూర్చుండబెట్టెను అను రెండు విషయములును ఆ తాంబూలములోనే చుట్టబడియున్నవి. వాటిని విప్పి చూపవలెనన్న దక్షిణ, మేర, మాన్యము, జీతము అను నాలుగు మాటల అర్థము తెలియవలెను.

దక్షిణ

వైదిక కాలమున యజ్ఞము చేయించువాడు ఋత్విక్కులకు ఇచ్చునది దక్షిణ. నాడు ముఖ్యమైన దక్షిణ గోవు. పిమ్మట బంగారము, వస్త్రము, గుఱ్ఱము మొదలగునవి చేరినవి. దక్షిణ లేని యజ్ఞము పూర్తి కాదని శాస్త్రము. పురాణములలో యజ్ఞునికి భార్యయై నిలిచిన దేవి పేరే దక్షిణ. యజ్ఞమునకు కర్తయై, ఖర్చు భరించి, ఫలమును పొందువాడు యజమానుడు. తెలుగున మనము వాడు "యజమాని" అను మాట ఈ యజమానుని నుండియే వచ్చినది. చెరకు తోటలో మన తాతలు దొరను యజమాని యని పిలిచినప్పుడు, ఆ మాట మొదట యజ్ఞశాలలో పుట్టినదని వారికి తెలిసియుండకపోవచ్చును.

దక్షిణకు, కూలికి భేదమేమనగా, కూలి ముందుగా మాటలాడుకొనునది. దక్షిణ కార్యము ముగిసిన పిమ్మట ఇచ్చువాని శక్తిని బట్టి వచ్చునది. దానమునకు, దక్షిణకు కూడ భేదము కలదు. దానము తీసికొనువాడు ఏ పనియు చేయనక్కరలేదు. దక్షిణ చేసిన కర్మకు ముగింపు. ఈ కారణముననే దక్షిణను బిచ్చమనుట తప్పు, కూలియనుటయు తప్పు. అది కర్మలో ఒక భాగము.

ధర్మశాస్త్రములు బ్రాహ్మణునకు ఆరు కర్మలు చెప్పినవి: చదువుట, చదివించుట, యజ్ఞము చేయుట, చేయించుట, ఇచ్చుట, పుచ్చుకొనుట. వీనిలో చదివించుట, చేయించుట, పుచ్చుకొనుట అను మూడు మాత్రమే జీవనోపాధులు. అందును పుచ్చుకొనుట అపాయకరమైనదని ఆ శాస్త్రములే హెచ్చరించినవి. ఇచ్చువాని పాపము కొంత పుచ్చుకొనువానికి అంటునని పెద్దలు నమ్మిరి. ఇంతకంటె ఆశ్చర్యమైన సంగతి మరియొకటి కలదు. దేవాలయములో అర్చన చేసి దేవుని ఆదాయముపై బ్రతుకువానిని "దేవలకుడు" అని పేర్కొని, శ్రాద్ధమునకు పిలువదగని వారి పట్టికలో మనుస్మృతి చేర్చినది. అనగా వేదము చదువుకొన్న పండితుని దృష్టిలో గుడి పూజారి తక్కువవాడు. ఊరి జనుల దృష్టిలో మాత్రము దేవుని తాకి సేవించు ఒకే ఒక్కడు అతడే. ఈ రెండు దృష్టులును వేల సంవత్సరములు పక్కపక్కనే నడచినవి. పూజారికి పాదనమస్కారము చేసి, ఇంటికి వచ్చి అతని పేదరికమును హాస్యమాడు అలవాటు నేటిది కాదు.

దక్షిణతో పాటు మరి కొన్ని మాటలు కలవు. పండితునికి సభలో గౌరవముగా ఇచ్చునది సంభావన. వండని బియ్యము, పప్పు, కూరలు, చింతపండు విస్తరిలో పెట్టి ఇచ్చునది స్వయంపాకము. ఇతరుల ఇంట వండినది తినని పురోహితుడు తన ఇంట వండుకొనుటకై ఇచ్చుదురు గనుక ఆ పేరు. ఏ ఆధారమును లేని బ్రాహ్మణుడు ఉదయమున ఇంటింటికి తిరిగి పిడికెడు బియ్యము తెచ్చుకొనుట యాయవారము. పూర్వము ఆంధ్ర గ్రామములలో యాయవారము చేసికొని బిడ్డలను పెంచినవారు అనేకులు. పురోహితులందరు సంపన్నులనుకొనుట పొరపాటు.

ఇక నూటపదహార్ల సంగతి. తెలుగువారు కట్నము చదివించినను, సంభావన ఇచ్చినను నూటపదహారు, వెయ్యినూటపదహారు అందురు. దీనికి హైదరాబాదు సంస్థానపు నాణెము కారణమని ఒక వాడుక మాట కలదు. నిజాము హాలీ సిక్కా రూపాయలు నూటపదహారు చిల్లర బ్రిటిషు రూపాయలు నూటికి సమానముగా ఉండెడివి. కావున నిండు నూరు ఇచ్చితిమనుటకు నూటపదహారు ఇచ్చెడివారట. మారకపు లెక్క వాస్తవమే. ఆచారము దాని నుండియే పుట్టెనా, అంతకు ముందే యుండెనా యను విషయమున పండితులు ఏకాభిప్రాయమున లేరు. ఏమైనను నేటాలులో రూపాయ పోయి, షిల్లింగు వచ్చి, 1961లో షిల్లింగు పోయి రాండు వచ్చినను, సున్నతో ముగియు మొత్తము ఇవ్వరాదను పట్టుదల మాత్రము పోలేదు.

కళ్ళములోని మేర

వేదము, యజ్ఞము పెద్దల మాట. మన పూర్వులు విడిచి వచ్చిన గ్రామములలో పురోహితుడు బ్రతికిన తీరు వేరు. తెలుగు గ్రామమునకు పన్నిద్దరు ఆయగాండ్రు అని వాడుక. కరణము, రెడ్డి, తలారి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలగువారు ఊరికి సేవచేసి ఊరి పంటలో పాలు పొందువారు. పట్టిక ఊరూరికి కొంత మారును గాని, పంచాంగము చెప్పు పురోహితుడు తరచుగా అందులో ఒకడు. ఇది గమనింపదగినది. పూజలో పురోహితుడు కమ్మరికిని చాకలికిని పైన కూర్చుండినను, పంట నూర్చినప్పుడు కళ్ళము వద్ద వారితో పాటు నిలిచి తన మేర కొలిపించుకొనవలసినవాడే. రాశి కొలుచునప్పుడు ఒక్కొక్కనికి ఇన్ని కుంచములు, ఇన్ని మానికలు అని ఊరి కట్టుబాటు. పంట పండిన ఏడు అందరికి పండినట్లే. ఎండిన ఏడు పురోహితుని ఇంటను పస్తే.

దీనికి ప్రతిగా అతడు ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేయవలెను, ఏరువాకకు మంచి దినము చెప్పవలెను, పుట్టిన బిడ్డకు పేరు పెట్టవలెను, చచ్చినవానికి తిథి చెప్పవలెను. మేర ఏటికొకసారి వచ్చునది. పెండ్లికి, గృహప్రవేశమునకు వచ్చు దక్షిణ దానికి అదనము.

ఇంతవరకు చెప్పినది బ్రాహ్మణ పురోహితుని గురించి. అయితే తెలుగు దేశమున పూజారి అన్న మాట బ్రాహ్మణునకు మాత్రమే చెల్లునది కాదు. అనేక శివాలయములలో తంబళ్ళు అర్చకులు. సాతానులు వైష్ణవ ఆలయములలో సేవ చేసిరి. జంగములు శైవ కుటుంబములకు గురువులు. ఊరి పొలిమేరలోని అమ్మవారికి కుమ్మరియో, మరియొక కులమువాడో పూజారి; జాతరలో కథ చెప్పుటకు, అమ్మవారిని పిలుచుటకు పంబలవారు, ఆసాదులు ఉందురు. వీరికి మేరతో పాటు జాతరలో వంతులు కలవు. అమ్మవారి ముందు పోసిన కుంభము ఎవరికి, బలియిచ్చిన జంతువు తల ఎవరికి, చీర ఎవరికి అనునవి తరతరములుగా నిర్ణయమైన హక్కులు. ఒక్క వంతు తప్పినచో జాతరయే ఆగిపోవునంత పట్టుదల ఉండెడిది. ఈ సంగతి మన వారికి బ్రాహ్మణ పురోహితుని చరిత్ర కంటె ఎక్కువ ముఖ్యము. ఏలననగా ఓడలెక్కి వచ్చిన తెలుగువారిలో అధికులు అమ్మవారిని కొలిచిన గ్రామముల బిడ్డలు.

గుడి మాన్యము

పెద్ద ఆలయముల తీరు మరల వేరు. రాజు గాని, సేనాపతి గాని, వర్తకుడు గాని భూమిని దేవునికి ధారపోసి, దాని పంటతో ధూపదీప నైవేద్యములు జరుగవలెనని శిలపై చెక్కించును. గోదావరి సీమలోని ద్రాక్షారామ భీమేశ్వరాలయములో ఇట్టి శాసనములు వందలకొలది కలవు. అఖండదీపమునకై పశువులమందను ఇచ్చి, వాటిని కాపరులకప్పగించి, వారు దినమునకు ఇంత నెయ్యి గుడికి కొలువవలెనని వ్రాయించిన శాసనములు వాటిలో అనేకము. మంద పెరుగును, తరుగును, దీపము మాత్రము ఆరరాదు. విశాఖపట్టణము దాపుననున్న సింహాచలములో మొదటి శాసనము కులోత్తుంగ చోళుని కాలమునాటిది, క్రీ.శ. 1098-99. పదుమూడవ శతాబ్దిలో తూర్పు గాంగరాజు నరసింహదేవుడు ఆలయమును గొప్పగా కట్టించెను. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో అచటికి వచ్చి దేవునికి ఆభరణములు, గ్రామములు సమర్పించెను. పిమ్మట విజయనగరము పూసపాటి ప్రభువులు ధర్మకర్తలైరి.

ఇట్టి గుడులలో అర్చకునికి జీతము లేదు. భూమి కలదు, ప్రసాదములో వంతు కలదు. దేవుని పేర ఇచ్చిన భూమి దేవదాయము. బ్రాహ్మణునకు ఇచ్చినది బ్రహ్మదాయము. అర్చన చేయువాని జీవనమునకు విడిచినది అర్చక మాన్యము. కొడుకు తండ్రి వెనుక అర్చకుడై మాన్యమును అనుభవించును. మాటలు మూడు వేరైనను పొలములో గట్లు అంత స్పష్టముగా లేవు. ఈ భూమి దేవునిదా, అర్చకునిదా? అర్చన మానినచో భూమి ఏమగును? భూమి అమ్ముకొన్నచో అర్చన ఎవరు చేయుదురు? ఈ మూడు ప్రశ్నలపై కోర్టులలో జరిగిన వ్యాజ్యములకు లెక్కలేదు.

ఈస్టిండియా కంపెనీవారు మొదట తామే గుడుల లెక్కలు చూచిరి; 1817లో మద్రాసు ప్రభుత్వము దానికై ఒక రెగ్యులేషను చేసెను. క్రైస్తవ ప్రభుత్వము విగ్రహారాధనకు కాపు కాయుటయేమని ఇంగ్లండులో గోల పుట్టగా క్రమముగా చేయి తీసివేసిరి. తిరుమల ఆలయము 1843లో హాథీరాంజీ మఠము మహంతుల చేతికి వచ్చుటకు ఇదియే కారణము. 1863 చట్టముతో ప్రభుత్వము పూర్తిగా తప్పుకొనెను. ఇంతలో 1858లో మద్రాసు రాజధానిలో ఇనాము కమీషను ఏర్పడి ఊరూర మాన్యముల పత్రములు చూచి, సేవ జరుగుచున్నంతకాలము భూమి నిలుచునని అర్చక మాన్యములకు పట్టాలిచ్చెను. కాగితము స్థిరపడినది గాని, అర్చకుడు స్థిరపడలేదు. చిన్న గుళ్ళలో ఎకరమో రెండెకరములో ఉన్న మాన్యము అన్నదమ్ముల మధ్య వంతులై, నెలకొక అన్న, నెలకొక తమ్ముడు పూజచేయు స్థితి వచ్చెను. కొన్నియెడల భూమి కౌలుదారుని చేతనే నిలిచిపోయెను. స్వాతంత్ర్యానంతరము 1948లో ఎస్టేట్ల రద్దు, 1956లో ఆంధ్రలో ఇనాముల రద్దు చట్టములు వచ్చిన పిమ్మట అనేక మాన్యములు రైత్వారీ భూములై, కొన్ని గుడి పేర, కొన్ని సాగుచేయు రైతు పేర పడినవి. రైతునకు న్యాయము జరిగినది. దీపపు ప్రమిదకు నూనె ఎవరు పోయవలెనన్నది మాత్రము ఆ చట్టములు అంత శ్రద్ధగా ఆలోచించినట్లు కనబడదు.

చెరకు తోటలో

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు నుండి డర్బను చేరెను. 1911 వరకు ఇట్లు నేటాలుకు వచ్చినవారు ఒక లక్ష ఏబదిరెండువేల పైచిలుకు. వీరిలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల తెలుగువారు కలరు. కూలీలను చేర్చుకొన్నవారు కోరినది చెరకు కోయగల చేతులు. మంత్రము చెప్పగల నోరు కాదు. ఓడ పట్టీలలో పురోహితులు బహు స్వల్పము. మేర కొలుచు కళ్ళము లేదు, మాన్యము లేదు, ధర్మకర్త లేడు. నాలుగు మాటలలో మూడు సముద్రము దాటలేదు. దాటినది దక్షిణ ఒక్కటే.

ఆ దక్షిణయు ఎంతటిది? మొదటి ఏడు మగవానికి నెలకు పది షిల్లింగుల జీతము, ఏటికొక షిల్లింగు పెరుగుదల, తిండిసరుకులు, ఒక గుడిసె. పది షిల్లింగులనగా నూటయిరువది పెన్నీలు, దినమునకు నాలుగు పెన్నీలు. పని తప్పినచో కూలిలో కోత. యజమాని చీటీ లేక తోట విడిచి పోరాదు. ఇట్టి స్థితిలో పొరుగు తోటలో చావు జరిగినచో కర్మ చేయించుటకు పోదలచిన పూజారి, మొదట తానొక కూలివాడు. పగలు కత్తిపట్టి చెరకు కొట్టి, రాత్రి దీపము వెలిగించువాడు.

ఎవరు ఆ పూజారులు? తండ్రి పాడిన భజన కీర్తనలు మరువనివాడు, రామాయణము కొంత కంఠస్థమున్నవాడు, ఊరిలో అమ్మవారి గుడి ముందు పంబ వాయించిన కుటుంబమువాడు, అక్షరము వచ్చినవాడు. కులము చేత కాక జ్ఞాపకము చేత వారు పూజారులైరి. తెలుగు పూజారి దొరకనిచోట తమిళ పూజారి వచ్చెను. తెలుగిండ్ల పూజలలో తమిళపు మాటలు కలిసినవి. దీనిని లోపముగా చెప్పుకొనువారు నేడును కలరు. కాని మనుస్మృతి శ్రాద్ధమునకు పిలువవద్దన్న గుడి పూజారియైనను దొరకని కాలమున, చేతులకు చెరకు మసి అంటిన మనిషి స్నానముచేసి వచ్చి పిండము పెట్టించకపోయినచో ఎందరు కర్మ లేకయే పోయెడివారో ఆలోచింపవలెను.

మొదటి గుళ్ళు రేకు, కొయ్య, మట్టితో కట్టినవి. పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరములలో మౌంట్ ఎడ్జికంబ్ చెరకు తోటలో గణేశాలయము ఇటుకతో లేచినది. దానిని కట్టిన శిల్పి కిష్టప్ప రెడ్డి. నేటాలులో అనేక గుళ్ళు ఆయన చేతిపని. గుడి కట్టిన మేస్త్రీ పేరు మనకు మిగిలినది, అందు పూజచేసిన మొదటివారి పేర్లు అంతగా మిగులలేదు. తోటల పండుగలు కూడ యజమాని సెలవును బట్టి కుదిరినవి. మౌంట్ ఎడ్జికంబ్, ఇసిపింగో మారెమ్మ గుళ్ళలో గుడ్ ఫ్రైడే, ఈస్టరు దినములలో పెద్ద ఉత్సవము జరుగుట పంచాంగము చెప్పినందున కాదు. నాడు మిల్లు మూసియుండును గనుక. ఆ దినములలో హారతి పళ్ళెములో పడిన నాణెములే పూజారికి ఏటి పంట.

ఇదే కాలమున తెలుగువారిలోనే మరియొక మార్గము కనబడినది. స్టాంగరు సమీపమున కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు కుటుంబములు పనిచేయుచుండెను. వారి కొరకై 1903లో ఆంధ్రదేశపు తెలుగు బాప్టిస్టులు తమ స్వంత మిషనరీ సంఘము పక్షమున రెవరెండు జాన్ రంగయ్యను పంపిరి. ఆయనను పంపినవారు తెల్లదొరలు కారు, తెలుగు విశ్వాసులు. సముద్రమునకు ఆవలి పేద తెలుగువారు చందాలు వేసి ఈవలి పేద తెలుగువారికి ఒక బోధకుని పోషించిరి. హిందూ తెలుగువారికి అట్లు చేయు సంఘము ఆనాడు లేదు. దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడుట 1931లోనే.

పూజారి చేతిలోని రిజిష్టరు

ఈ దేశమున పూజారి స్థానమును మార్చినది జీతము కాదు, వివాహ చట్టము. నేటాలులో ఒప్పంద కూలీల వివాహములను ప్రొటెక్టరు కచేరీలో నమోదు చేయించవలెను. 1891 నాటి 25వ చట్టము దీనిని క్రోడీకరించెను. పూజారి తాళి కట్టించినను ప్రభుత్వమునకు అది పెండ్లి కాదు. 1913 మార్చిలో కేపు ప్రాంతపు న్యాయమూర్తి సర్లు, బహుభార్యాత్వమునకు అనుమతినిచ్చు మతముల ఆచారము ప్రకారము జరిగిన వివాహములు ఇచట చెల్లవని తీర్పు చెప్పెను. దానితో భార్యలు భార్యలు కాకపోయిరి. ఆ ఏటి సత్యాగ్రహమున స్త్రీలు చెరసాలకు పోవుటకు ఇదియొక ముఖ్య కారణము. 1914 నాటి ఇండియన్ల ఉపశమన చట్టము భారతీయ మతముల పూజారులను వివాహాధికారులుగా నియమించుటకు దారి తెరచెను. 1961 వివాహ చట్టము ఆ ఏర్పాటును కొనసాగించినది.

ఆ 1961 చట్టములో దక్షిణను గూర్చిన ఒక నిబంధన కలదు. వివాహాధికారి తన విధికి రుసుము గాని, కానుక గాని, బహుమానము గాని అడుగరాదు, పుచ్చుకొనరాదు. అయితే మతగురువులకు మినహాయింపు: ఆ మతమున అంతకు ముందు వాడుకలో ఉన్న చెల్లింపును వారు పుచ్చుకొనవచ్చును. అనగా తమలపాకుల మధ్య పెట్టిన రొక్కమును పార్లమెంటు చూచి, దానిని లంచమని గాని, జీతమని గాని అనక, ఆచారమని విడిచిపెట్టెను. దక్షిణ కూలి కాదు, దానము కాదు అని శాస్త్రము చెప్పినదే వేరు భాషలో ఇచట వ్రాయబడెను.

వివాహాధికారి కాని పూజారి చేయించిన పెండ్లి, రిజిష్టరుకాక నిలిచినచో దుఃఖము స్త్రీకి. భర్త వీలునామా వ్రాయక చనిపోయినప్పుడు ఆమెకు వారసత్వము లేదని బంధువులు వాదించిన సందర్భములు కలవు. 2008లో డర్బను ఉన్నత న్యాయస్థానము, హిందూ ఆచారమున పెండ్లాడి రిజిష్టరుకాని స్త్రీయైనను ఇట్టి వారసత్వ విషయమున భార్యయే యని తీర్పునిచ్చినది. అది వారసత్వమునకు మాత్రమే. కావున పెండ్లి కుదిరినప్పుడు దక్షిణ ఎంత అని అడుగుటకు ముందు, పంతులుగారూ, తమరికి వివాహాధికారి నియామకము కలదా అని అడుగుట పెండ్లికూతురి తండ్రికి తగును. అట్లు అడుగుట అమర్యాద కాదు.

జీతము వచ్చిన కాలము

ఆంధ్రదేశమున జీతపు మార్గము ఒక్కసారిగా వచ్చినది. జస్టిస్ చల్లా కొండయ్య సంఘము నివేదిక పిమ్మట 1987లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము చేసిన దేవాదాయ చట్టము అర్చకుల వంశపారంపర్య హక్కులను, మిరాశీలను రద్దుచేసెను. తిరుమలలో ప్రసాదపు లడ్డూలలోను, వడలలోను తరతరములుగా వచ్చుచుండిన వంతులు దీనితో ఆగినవి, అర్చకుడు జీతగాడయ్యెను. 1996లో సుప్రీంకోర్టు ఈ చట్టమును సమర్థించుచు, అర్చన మతకార్యమైనను అర్చకుని నియామకము లౌకిక కార్యమని చెప్పెను. అర్చకుల క్షేమమునకు ఏర్పాటు చేయవలెననియు చెప్పెను. 2007లో చట్టమును సవరించి అర్హత గల అర్చక కుటుంబములకు మరల కొంత గుర్తింపు నిచ్చిరి.

పెద్ద ఆలయములలో జీతము బాగుగానే వచ్చును. ఆదాయము లేని పల్లె గుళ్ళ కొరకు ధూపదీప నైవేద్య పథకమని నెలకింత ఇచ్చు ఏర్పాటు వచ్చినది. తెలంగాణలో 2023లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2024లోను ఆ మొత్తమును నెలకు 10,000 రూపాయలకు పెంచిరి. అందులోనే నూనె, వత్తులు, నైవేద్యపు బియ్యము, అందులోనే అర్చకుని సంసారము. మిరాశీ పోవుట మంచిదా, చెడ్డదా యని అచట నేటికిని వాదము. వంశము పేర చదువులేనివాడు గర్భగుడిలో నిలుచుట పోయినది నిజమే. నెల జీతగాడైన అర్చకుని పై అధికారి బదిలీ భయముతో నిలబెట్టుటయు నిజమే.

నేటాలులో నేడు రెండు తీరులు పక్కపక్కన నడచుచున్నవి. కొన్ని ఆలయ కమిటీలు భారతదేశము నుండి అర్చకుని పిలిపించి, ఒప్పందముపై జీతము, వసతి ఇచ్చుచున్నవి. ఆయన మంత్రము స్పష్టము, ఆగమము తెలిసినవాడు. ఒప్పందము ముగియగానే పోవువాడు. పొరుగింటి ముసలమ్మ ఏ తోటలో పుట్టినదో, ఏ అమ్మవారికి మ్రొక్కుకొన్నదో ఆయనకు తెలియదు. రెండవవాడు స్థానిక పూజారి. ఇతడు బడిలోనో, కచేరీలోనో, కార్ఖానాలోనో వారమంతయు పనిచేసి శనివారములు, ఆదివారములు పూజలు చేయించును. లేదా ఉద్యోగ విరమణ చేసినవాడు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము క్రింద కుటుంబములు పాత పేటల నుండి తొలగింపబడి చాట్స్‌వర్త్, ఫీనిక్సు మొదలగు చోట్లకు చెదరినప్పుడు నడచిపోదగిన దూరములోనున్న ఇండ్లు ఇరువది, ముప్పది మైళ్ళ దూరమైనవి. నేడు ఆ దూరములో దక్షిణ సగము పెట్రోలు పాలగుచున్నది.

పెండ్లికి ముందుగా దినము చూచుకొందురు. చావునకు అట్లు కాదు. బుధవారము మధ్యాహ్నము శవదహనమన్నచో పూజారి పనికి సెలవు పెట్టవలెను, ఆనాటి జీతము పోవును. పిమ్మట కర్మ దినములకు మరల సెలవు. దుఃఖములో నున్న ఇంటివారిని అడుగుటకు అతనికి నోరురాదు. వారికి ఇవ్వవలెనను ధ్యాస ఉండదు. పెండ్లి మండపమునకు, వీడియోకు, భోజనములకు వేలకొలది రాండ్లు లెక్కగా ఇచ్చినవారే పురోహితునికి మాత్రము జేబులో చేతికి తగిలినది ఇచ్చుట కూడ లేకపోలేదు. ఇక కొందరు పూజారులు ముందుగానే పట్టిక చెప్పి ఇంతయని నిర్ణయించుచున్నారని, ఇది వ్యాపారమని నిందించువారు కలరు. నిందలో కొంత న్యాయమున్నది. ఆ పట్టిక ఎందుకు పుట్టినదో విచారింపకుండుట న్యాయము కాదు.

కొన్ని సంఘములలో ఒక మధ్యమార్గము పరీక్షకు వచ్చినది. రాకపోకల ఖర్చు, పోయిన దినపు జీతము, పూజాసామగ్రి వెల వీటిని కమిటీ తన నిధి నుండి చెల్లించును. తాంబూలములోని దక్షిణ జోలికి పోదు. ధనికుడు వెయ్యినూటపదహార్లు పెట్టినను, పింఛనుపై బ్రతుకు ముసలివాడు ఒక్క నాణెము పెట్టినను పూజారి ఇంటికి నష్టముతో తిరిగిపోడు. దీనికి ఏటికి ఎంత ధనము వలయునో లెక్కవేయుట కష్టము కాదు: గత ఏడు ఆ సంఘము పరిధిలో జరిగిన పెండ్లిండ్లు, కర్మలు, గృహపూజలు ఎన్నియో వ్రాసికొని, ఒక్కొక్క దానికి దూరమును, సెలవు దినములను గుణించిన చాలును. గుడికి గోపురము రంగు వేయుటకయిన ఖర్చు లెక్క పుస్తకములో ఉండును. పూజారి తిరిగిన మైళ్ళ లెక్క సాధారణముగా ఏ పుస్తకములోను ఉండదు.

తెలుగు తరగతులకు వచ్చు పిల్లలలో మంత్రము చక్కగా పలుకువారు ప్రతియేడు ఒకరిద్దరు కనబడుచుందురు. పండుగనాడు వారిచేత సంకల్పము చెప్పించి చప్పట్లు కొట్టుదురు. పూజారి పని నేర్చుకొందువా యని అడిగినప్పుడు బాలుడు తల్లి ముఖము చూచును. తల్లి నేల చూచును. ఆమె భర్తయో, మామయో ఒకప్పుడు పూజారియై యుండిన ఇల్లు అది కావచ్చును.